గుర్తు కిందికి ఉండాలి

జూన్ 4

తిన్నాను పిన్నీ. నువ్వు అడగలేదని తెలుసు. రోజూ ఒంటిగంటకి అడుగుతావు, ఇవాళ అడగలేదు, అందుకని అడిగావనే అనుకుని చెప్పేస్తున్నా. రొట్టె, రెండు గుడ్లు. ఒక గుడ్డు మేస్త్రికి ఇచ్చా. అంటే ఒకటే తిన్నా.

ట్యూబు అందిందా? మొన్న పార్శిల్‌లో వేశాం. నేనొక్కడినే చేసిన మొదటి పెద్ద పని అది. మేస్త్రి చెయ్యి పెట్టలేదు, పక్కన కూర్చుని దగ్గాడంతే. అంత పొడుగు గాజు మా షాపులో లేక రెండు ముక్కలు అతికించాను. అతుకు దగ్గర ఎర్ర పెన్సిల్‌తో గుర్తు పెట్టా చూడు. ఆ గుర్తు కిందికి ఉండాలి. పైకి వద్దు. పక్కకి కూడా వద్దు. ఎందుకంటే అది పద్ధతి.

ఇంకోటి. ఫోన్ చెయ్యకు పిన్నీ. నిన్న రెండుసార్లు చేశావు. ఫోన్లో నాకు మాట రాదు, నీకు తెలుసుగా. బళ్ళో లేచి చెప్పమన్నప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంటుంది. ఆరో క్లాసులో బడి మానేశాక ఆ బాధ వదిలిందనుకుంటే ఫోన్ వచ్చి పడింది. ఇక్కడ మేస్త్రి నాకు గుసగుస అని పేరు పెట్టాడు. "ఒరేయ్ గుసగుసా, నీ మాట వినాలంటే బర్నర్ ఆపాలిరా" అంటాడు. రాయమంటే మాత్రం ఎంతైనా రాస్తా. నెమ్మదిగా. అక్షరాలు ఎక్కడెక్కడ ఉంటాయో ఈ ఫోన్లో నేర్పింది నువ్వే కదా.

ఒకటి అడగాలి. ఆ ట్యూబులో తీగలు పెంచుతా అన్నావు. మేస్త్రితో చెప్తే "తీగని లాగుతారు గానీ పెంచడమేంట్రా, మీ పిన్ని పాదు గానీ పెట్టిందా" అని నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. నీళ్ళిచ్చాను. నిజంగా పెరుగుతాయా?

గుర్తు కిందికి. మర్చిపోకు.
చిన్నోడు


జూన్ 5

చిన్నోడా,

నిన్న ఒంటిగంటకి రాయలేదంటే ఒకటే కారణం, మైక్రోస్కోప్ మీద నుంచి తల ఎత్తలేదు. పెరిగాయిరా! నీ ట్యూబులో! మొదటిసారికే! ఎనిమిది నెలలుగా కంపెనీ ట్యూబుల్లో ప్రయత్నించి ప్రయత్నించి, పొట్టూ ముక్కలూ తప్ప ఏమీ చూడని మనిషిని నేను. నిన్న తీసి చూస్తే గాజు పలక మీద నీలం నూగు, పిల్లికూన వీపులా. మైక్రోస్కోప్ కింద పెడితే ఒక్కో పోగూ తిన్నగా, దువ్వి పెట్టినట్టు.

మీ మేస్త్రితో చెప్పు, పాదు పెట్టలేదు గానీ దాదాపు అంత పనీ చేశానని. నీలం పొడి ఒకటుంటుంది. ప్లాస్టిక్ బకెట్లకీ పెయింట్లకీ వేసే నీలమే, కాకపోతే బాగా శుద్ధి చేసింది. దాన్ని ట్యూబులో ఒక కొసన పెట్టి నాలుగొందల డిగ్రీలు వేడి చేస్తాం. అది కరగదు, నేరుగా ఆవిరైపోతుంది. ఆర్గాన్ అనే గాలి ఆ ఆవిరిని మెల్లగా రెండో కొసకి తోస్తుంది. ఆర్గాన్ అంటే దేనితోనూ కలవని గాలి. అచ్చం నువ్వే. చల్లటి చోటికి రాగానే ఆవిరి అక్కడున్న గాజు పలక మీద దిగుతుంది. పళ్ళాలు దొంతర పెట్టినట్టు అణువు మీద అణువు పేర్చుకుంటూ పోతుంది. ఆ దొంతరే తీగ. వెంట్రుకలో వెయ్యో వంతు సన్నం. రాగిలా కరెంటుని ఇష్టమొచ్చినట్టు పోనివ్వదు, గాజులా పూర్తిగా ఆపెయ్యదు. మధ్యరకం. అందుకే సెమీకండక్టర్ అంటారు.

దేనికంటావా? గాలిలో ఘాటు వాయువు చేరితే ఆ తీగల్లో కరెంటు మారుతుంది. చిన్న కార్డు మీద వాటిని అమర్చి గోడకి తగిలిస్తే, గాలి పాడైనప్పుడు లైటు వెలుగుతుంది. మీ గాజు మంట దగ్గర పుట్టేది సరిగ్గా అలాంటి వాయువే. మేస్త్రి దగ్గాడని నువ్వు రాసినప్పుడల్లా నాకు ఈ కార్డే గుర్తొస్తుంది.

మీ షాపులో ట్యూబు చేయిస్తానంటే పెద్ద మేడమ్ మొహం అదోలా పెట్టింది. ల్యాబ్ మొత్తానికీ ఆవిడే పెద్ద. "మీ చుట్టాలబ్బాయా?" అంది. "మా అక్క కొడుకండీ. వాడి నోరు తడబడుతుంది గానీ చెయ్యి తడబడదు" అన్నాను. నిన్న ఆవిడ్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మరీ చూపించా. నా మాట నిలబెట్టావురా నాన్నా.

గుర్తు కిందికే పెట్టాను. పద్ధతి పద్ధతే కదా.
పిన్ని


జూన్ 5 (రాశాను, పంపలేదు)

పిన్నీ, తడబడింది. చెయ్యి కూడా తడబడింది.

అతుకు కాల్చేటప్పుడు ట్యూబుని తిప్పుతూనే ఉండాలి. రెండు చేతులూ ఒకే వేగంగా. ఆగితే మెత్తబడిన గాజు కిందికి జారిపోతుంది. అంతా బాగా వస్తోంది. అప్పుడు నీ మెసేజ్ వచ్చింది. ఆరోజు ఐదు నిమిషాలు ముందే వచ్చింది. ఫోన్ బర్నర్ పక్కన గోడకి ఆనించి పెట్టుకున్నా. తిన్నావా అని వెలిగింది. చదివాను. చదివి చూసుకుంటే చేతులు ఆగి ఉన్నాయి. అతుకు దగ్గర గుంట పడింది. చిన్నదే. వేలు పెడితే తెలుస్తుంది.

సరి చేద్దామంటే ఇంకా వంకర పోతుందని భయం. పార్శిల్ బండి వాడేమో హారన్ కొడుతున్నాడు. గుంట నీకు కనబడకూడదని గుర్తు పెట్టి కిందికి ఉండాలన్నా. పద్ధతీ లేదు, ఏమీ లేదు.

"ఫోన్ మంట దగ్గరికి, మనిషి గుమ్మం బయటికి" అని మేస్త్రి గోడ మీద రాయించాడు. చెప్తే పని పోతుంది. ఫోన్ లాక్కుంటాడు. ఫోన్ పోతే నీతో ఎలా మాట్లాడతా? నాకు వేరే నోరు లేదు కదా.


జూన్ 5

చాలా సంతోషం పిన్నీ. ఇవాళ రొట్టె తిన్నా. మేస్త్రి నీ మాటలు విని "బకెట్ రంగుతో తీగలా" అని అరగంట తల పట్టుకున్నాడు.
చిన్నోడు


జూన్ 12

చిన్నోడా,

పని పడింది. అలాంటి ట్యూబే ఇంకోటి కావాలి. కొలతలు అవే, అతుకు అక్కడే. మొదటిది ఇక పనికిరాదు. ఎందుకని మాత్రం అడక్కు, చెప్పను.

తొందర ఎందుకంటే, జూలై 6న బయటి నుంచి ముగ్గురు వస్తున్నారు, మా పని చూడటానికి. ఒక్కసారి పెరిగితే అది అదృష్టం, మూడుసార్లు పెరిగితేనే పని అంటున్నారు. రెండుసార్లు ముందే పెంచి రాసిపెట్టాలి, మూడోది వాళ్ళ కళ్ళ ముందు పెంచాలి. లేకపోతే ఈ పని మూసేసి ఈ గది వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. నేను మళ్ళీ రసాయనాల కంపెనీలో సీసాల మీద చీటీలు చూసుకునే ఉద్యోగానికి పోవాలి. ఆ ఉద్యోగంలో నేనెలా ఉండేదాన్నో నీకు గుర్తుందిగా. అక్క "నీ మొహం ఉతికి ఆరెయ్యడం మర్చిపోయిన బట్టలా ఉందే" అనేది.

మా గది గురించి ఎప్పుడూ చెప్పలేదు కదా. చిన్నది. ఒక కిటికీ, దానికి పచ్చ కాగితం అంటించి ఉంటుంది. ట్యూబుని వేడిచేసే ఫర్నేస్, గ్యాస్ సిలిండరు, నా కుర్చీ. కుర్చీకి ఒక కాలు పొట్టి, దాని కింద పాత పుస్తకం. అయినా ఈ గది వదిలిపోవాలని లేదు.

నీ చేతి మీద నాకు నమ్మకం.
పిన్ని


జూన్ 13

పిన్నీ,

ఎందుకని అడగను. నాకు తెలుసు. నువ్వు మంచిదానివి కాబట్టి పైకి అనట్లేదు.

ఈసారి తప్పు ఉండదు. ఇవాళ పొద్దున ఫోన్ తీసి మేస్త్రి రేకు డబ్బాలో పెట్టేశా. "ఏంట్రా, జ్వరమా?" అని నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. ట్యూబు అతికాక నూలుదారం లాగి పట్టి చూశాం. వెంట్రుకవాసి తేడా లేదు. మేస్త్రి ఒక కన్ను మూసి అటు నుంచీ చూశాడు, ఇటు నుంచీ చూశాడు. "దీంట్లో నుంచి చూస్తే మీ పిన్ని ఉన్న ఊరు కనబడుతోందిరా" అన్నాడు.

గుర్తు పెట్టలేదు. ఈసారి అక్కర్లేదు. ఎటు పెట్టినా ఒకటే.

మొదటి దాని గురించి మనం ఇంక మాట్లాడుకోవద్దు.
చిన్నోడు


జూన్ 20

చిన్నోడా,

ట్యూబు చూస్తే ముద్దొస్తోంది. కానీ తీగలు రావట్లేదు. నాలుగుసార్లు పెట్టాను. పొట్టు, పొట్టు, ముక్కలు, పొట్టు. పాత కథే.

తప్పు నాదే అయ్యుంటుంది. పొడి మార్చాను. గ్యాస్ పైపు విప్పి కడిగాను. వేడి ఐదు డిగ్రీలు పెంచాను, తగ్గించాను. ఫర్నేస్‌ని బతిమాలాను, తిట్టాను. పెద్ద మేడమ్ గుమ్మంలో నిలబడి "ఏమ్మా, ఎవరితో మాట్లాడుతున్నావు?" అంది.

ఒక చిన్న సంగతి. మొదటి ట్యూబులో పలకని కడ్డీతో లోపలికి తోస్తే ఒక చోటికి వచ్చి టక్కున ఆగేది. కదపబోయినా కదిలేది కాదు. దీంట్లో జారిపోతోంది, ఎక్కడ ఆపాలో తెలియట్లేదు. గుర్తు కూడా లేదు. నిజంగానే ఎటు పెట్టినా ఒకటేనా? మరి అప్పుడు పద్ధతి అన్నావు?

రెండు వారాలు ఉంది. నువ్వు దిగులు పడకు. తింటున్నావా సరిగ్గా?
పిన్ని


జూన్ 21

పిన్నీ,

ఇంకో రెండు ట్యూబులు పంపాను. ముందుదాని కంటే తిన్నగా ఉన్నాయి. మేస్త్రి ఇంతకంటే తిన్నగా చెయ్యడం దేవుడి వల్ల కూడా కాదన్నాడు. ఇవి కూడా బాగోకపోతే కంపెనీ ట్యూబులే తీసుకో. నేనేమీ అనుకోను.

నీ తప్పు అని రాయకు. నన్ను ఏమీ అనలేక అలా రాస్తున్నావని తెలుసు. అది చదివితే ముద్ద దిగట్లేదు.

ఇంకో మాట. ఒంటిగంటకి మెసేజ్ పెట్టకు పిన్నీ. ఇంక అసలు పెట్టొద్దు. అలా పెట్టడం మంచిది కాదు.
చిన్నోడు


జూన్ 24

చిన్నోడా,

నీ మెసేజ్ మూడు రోజులు దగ్గర పెట్టుకున్నాను. సరే. ఒంటిగంటకి పెట్టను. పెద్దవాడివయ్యావు, షాపులో నలుగురి ముందు పిన్ని తిన్నావా తాగావా అని అడుగుతుంటే నామోషీగా ఉంటుంది. నాకు తట్టలేదు. మూడేళ్ళుగా అలవాటైపోయింది, అంతే. ఈ మూడు రోజులూ ఒంటిగంటకి ఫోన్ చేతిలోకి తీసుకోవడం, మళ్ళీ పక్కన పెట్టెయ్యడం.

కొత్తవి రెండూ పెట్టి చూశాను. పెరగలేదు. పెద్ద మేడమ్ ఇవాళ "చూద్దాంలే అమ్మా" అంది. ఆవిడ ఆ మాట అందంటే చూడ్డానికి ఏమీ మిగల్లేదని. అట్టపెట్టెలు తెచ్చి మూలన పెట్టుకున్నా.

వెళ్ళే ముందు ఒకటి చెప్పెయ్యాలి, లేకపోతే నాకు ఊపిరాడదు. నీ మొదటి ట్యూబు నేనే పగలగొట్టాను. వేడి తగ్గకుండానే ఆత్రంగా బయటికి లాగాను. నీ మొదటి పెద్ద పని, నువ్వు అంత గొప్పగా రాసుకున్నది, నా చేతుల్లోనే పోయింది. చెప్పడానికి నోరు రాలేదు. పనికిరాదు, అడక్కు అని పెద్దరికం చూపించాను. ముక్కలు పారెయ్యలేదు. దూదిలో చుట్టి డబ్బాలో దాచాను.

కోపం వస్తే రానీ.
పిన్ని


జూన్ 24

పిన్నీ,

పగిలిందా! పగిలిందా పిన్నీ! గుంట చూసి పారేశావనుకున్నా నేను!

నీకేం తెలియట్లేదు కదా. ఆగు. జూన్ 5న ఒకటి రాసి పంపకుండా దాచుకున్నా. అది ఇప్పుడు పంపుతున్నా, ఇది మూసి ముందు అది చదువు.

చదివావా? నామోషీ కాదు పిన్నీ. నీ మెసేజ్ వస్తే నా చేతులు ఆగిపోతాయి, అందుకని వద్దన్నా. ఈ మూడు రోజులూ ఒంటిగంటకి మేస్త్రి డబ్బా తీసి ఫోన్ వెలిగిందేమో చూశాను. రాలేదు. నేనే వద్దన్నా కదా, ఎలా వస్తుంది.

ఆ ట్యూబు మంచిది కాదు. పాడుచేసిందే నీకు పంపాను. నీకు అబద్ధం చెప్పాను. పెద్ద మేడమ్‌తో నువ్వు నా గురించి అన్న మాట కూడా అబద్ధమైపోయింది. పగిలినందుకు ఏడవకు. నేనే కదా ముందు పాడుచేశా.
చిన్నోడు


జూన్ 24

ఒరేయ్, ఒరేయ్, ఒరేయ్.

డబ్బా తెరిచాను. ముక్కలు బల్ల మీద పేర్చాను. అతుకు ఉన్న ముక్క పగలకుండా అలాగే ఉంది. గుంట ఉంది. గుంట చుట్టూతా నీలం నూగు, మిగతా ట్యూబంతా ఖాళీ! ఇన్నాళ్ళూ డబ్బాలో నా మంచం కిందే ఉంది, నేను పట్టించుకోలేదు.

అర్థమైందా? పలక టక్కున ఆగింది నీ గుంటలో. అక్కడ కాస్త వాలి కూర్చుంది. పైన గాలి పోతూనే ఉన్నా గుంటలో మాత్రం బాగా నెమ్మదించింది. ఆవిరికి స్థిమితంగా కూర్చునే చోటు దొరికింది. తిన్నటి ట్యూబులో గాలి దాన్ని తోసుకుంటూ పోతోంది, తీగ కట్టుకునే వ్యవధే ఇవ్వట్లేదు. నువ్వు గుర్తు కిందికి అనకపోతే నేను గుంటని పైకి తిప్పి పెట్టేదాన్నేమో, అప్పుడు ఏమీ పెరిగేది కాదు. నీ అబద్ధం కూడా పనికొచ్చిందిరా దొంగ వెధవా!

మూడు మిల్లీమీటర్ల లోతు. ఇప్పుడే కొలిచాను. అదే తప్పు మళ్ళీ చెయ్యి. అచ్చం అలాగే. పన్నెండు రోజులుంది.

మేస్త్రికి నువ్వే చెప్పాలి. నేను ఫోన్ చేసి చెప్పగలను, కానీ చెప్పను. పెద్ద మేడమ్‌కి నా పగలగొట్టుడు సంగతి రేపు నేను చెప్పుకుంటా. నీది నువ్వు చెప్పుకో. సరేనా నాన్నా?

ఏడిచాను. దానికీ ట్యూబుకీ సంబంధం లేదు. ఒంటిగంటకి డబ్బా తీసి చూశానని రాశావు చూడు, అక్కడ.
పిన్ని


జూన్ 29

పిన్నీ,

చెప్పాను. నోటితోనే.

మొదట రెండు రోజులు చెప్పలేకపోయా. దగ్గరికి వెళ్తా, "మేస్త్రీ" అంటా, ఆయన "ఆఁ?" అంటాడు, నేను చీపురు తీసుకుని ఊడ్చేస్తా. షాపు అద్దంలా అయిపోయింది. మూడో రోజు నేను దగ్గరికి వెళ్ళగానే ఆయనే బర్నర్ ఆపేశాడు. "ఇప్పుడు చెప్పరా గుసగుసా. ఇంకొంచెం ఊడిస్తే నేల అరిగిపోతుంది" అన్నాడు. ఫోన్ సంగతీ, గుంట సంగతీ, గుర్తు సంగతీ అన్నీ చెప్పేశా. మాట ఎక్కడా ఆగలేదు.

నీ మెసేజ్ చూపించా. రెండుసార్లు చదివాడు. "అంటే తిన్నగా చేసినవి మూడూ దండగ, పాడు చేసింది ఒక్కటీ పనికొచ్చింది."

"అవును."

"మరి ముప్పై ఏళ్ళుగా నేను తిన్నగానే చేస్తున్నా కదరా, నా బతుకేం కానూ?"

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. "ఫోన్ సంగతి తర్వాత. అదే గుంట మళ్ళీ పెట్టి చూపించు. పెట్టగలిగితే అది పనితనం, ఉంటావు. పెట్టలేకపోతే అది ఉట్టి తప్పు, సంచి సర్దుకో" అన్నాడు.

తప్పు మళ్ళీ చెయ్యడం ఇంత కష్టమని నాకు తెలీదు పిన్నీ. తిప్పడం ఆపి ఒకటి రెండు మూడు లెక్కపెట్టా. గుంట కాదు, గొయ్యి. తర్వాత గబగబా లెక్కపెట్టా, ఏమీ పడలేదు. ఇంకోదానికి చిల్లు పడింది. రోజంతా ముక్కల మీద ముక్కలు. "నువ్వు లెక్కపెడుతున్నావని గాజుకి తెలిసిపోతోందిరా. ఆరోజు లెక్కపెట్టావా?" అన్నాడు మేస్త్రి.

"లేదు. చదివాను."

"అయితే చదువు."

ఆయనే డబ్బాలో నుంచి ఫోన్ తీసి బర్నర్ పక్కన గోడకి ఆనించాడు. ఆ గోడ మీదే ఆయన రాయించిన మాట ఉంది. పాత మెసేజ్ తెరిచి పెట్టాడు. అతుకు ఎర్రబడింది. తల ఎత్తి చదివాను. తి. న్నా. వా. మళ్ళీ తిప్పాను. చల్లారాక కొలిచాం. మూడు మిల్లీమీటర్లు. ఇంకోటి చేశా. మూడే. ఇంకోటి. మూడే!

మేస్త్రికి మనసు ఊరుకోలేదు, తనూ చేస్తానన్నాడు. చదివాడు, ఆగాడు, తిప్పాడు. కొలిస్తే ఒకటి కూడా లేదు. మళ్ళీ చేశాడు, అంతే. నా వైపు తిరిగాడు. "ఒరేయ్, ఆ ఒక్క మాట చదవడానికి నీకు అంతసేపా?"

అవునన్నాను. బళ్ళో దీనికే నవ్వేవాళ్ళు.

"నీకు దణ్ణం పెడతా, చదువులో ఇంతకంటే బాగుపడకు" అన్నాడు.

ట్యూబులు రెండు పంపాను. ఒకటి నీ చేతుల్లో పగిలినా ఇంకోటి ఉంటుంది. గుర్తు కిందికి ఉండాలి. ఈసారి నిజంగానే పద్ధతి.
చిన్నోడు


జూలై 7

నా బంగారు కొండా,

పెరిగాయి. రెండుసార్లు ముందే పెరిగాయి, నిన్న మూడోసారి వాళ్ళ ఎదురుగా. ముగ్గురూ పెద్దవాళ్ళే, ముగ్గురూ కళ్ళజోళ్ళు నుదుటి మీదికి నెట్టుకుని మైక్రోస్కోప్ కోసం వరసలో నిలబడ్డారు. మూడు గంటలు ఫర్నేస్ ముందు కూర్చున్నాం. పెద్ద మేడమ్ నా పొట్టి కుర్చీలో కూర్చుని, పడబోయి, నా భుజం పట్టుకుంది. పలక బయటికి తీస్తే నీలం నూగు. ఒకాయన "గుంట మరీ ఇంత కచ్చితంగా ఎవరు పెట్టారండీ?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే పెద్ద మేడమ్ "ఈ అమ్మాయి వాళ్ళక్క కొడుకు. చెయ్యి తడబడదు" అంది. నేను నేల చూపులు చూశాను.

గది మనదే. అట్టపెట్టెలు చదును చేసి కుర్చీ కాలి కింద పెట్టాను, పుస్తకం బయటికి వచ్చింది.

వాళ్ళకి ఇచ్చిన కాగితంలో గుంట లోతు మూడు మిల్లీమీటర్లు అని రాశాం. నా సొంత నోట్‌బుక్‌లో మాత్రం వేరేగా రాసుకున్నాను. "లోతు: చిన్నోడు తిన్నావా అని చదివేంతసేపు."

ఈ మెసేజ్‌తో పాటు ఒక పార్శిల్ వస్తుంది. అగ్గిపెట్టెంత కార్డు, మీ ట్యూబులో పెరిగిన తీగలే దాని మీద ఉన్నాయి. ఇది మొదటిది, ఇంకా ఎక్కడా పెట్టలేదు. మేస్త్రి కూర్చునే చోట, ముక్కు ఎత్తులో తగిలించు. లైటు వెలిగితే గాలి బాగోలేదని. ఆయన నమ్మకపోతే కిటికీ తెరిచి చూడమను.

నిన్న పొద్దున్నుంచీ మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు, ఇప్పుడు ఒళ్ళు తేలిపోతోంది. ఇంకో నాలుగు ట్యూబులు కావాలి, తొందరేమీ లేదు. ఒంటిగంటకి మళ్ళీ అడగొచ్చా? నీ చేతులు ఖాళీగా ఉన్నప్పుడే అడుగుతాలే.
పిన్ని


జూలై 10

పిన్నీ,

వెలిగింది. కార్డు మేకుకి తగిలించి పెద్ద బర్నర్ పెట్టగానే పది నిమిషాల్లో ఎర్రగా వెలిగింది. మేస్త్రి దాంతో దెబ్బలాటకి దిగాడు. "ముప్పై ఏళ్ళ నుంచి పీలుస్తున్నా, నాకు తెలీదా, అగ్గిపెట్టెకి తెలుసా" అన్నాడు. బల్ల వెనక కిటికీ ఒకటుంది, నేను వచ్చాక ఎప్పుడూ తెరవలేదు, రంగు వేసేటప్పుడు అతుక్కుపోయింది. ఇద్దరం కలిసి సుత్తితో కొట్టి తెరిచాం. కాసేపటికి లైటు ఆరిపోయింది. మేస్త్రి కిటికీ మూశాడు. వెలిగింది. తెరిచాడు. ఆరింది. చిన్నపిల్లాడిలా ఆరేడుసార్లు చేశాడు. నిన్న గాలి బయటికి లాగే ఫ్యాన్ తెచ్చి బిగించాడు. దగ్గు తగ్గలేదు ఇంకా. కానీ దగ్గొస్తే కిటికీ దగ్గరికి వెళ్ళి దగ్గుతున్నాడు.

గోడ మీద మాట కింద ఇంకో మాట రాయించాడు. "గుసగుసకి తప్ప."

అడగొచ్చు పిన్నీ. ఎప్పుడైనా అడగొచ్చు.

నీ మెసేజ్ రెండోసారి చదివినప్పుడు ఒక చోట ఆగిపోయా. పొద్దున్నుంచీ మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదని రాశావు కదా, అక్కడ. నేను నెమ్మదిగా చదువుతా కాబట్టి చాలాసేపు ఆగా. తర్వాత మన పాత మెసేజ్‌లన్నీ మొదటి దాకా జరిపి చూశాను. మూడేళ్ళవి. నీవి అన్నీ ఒకటే ప్రశ్న. నావి అన్నీ జవాబులు. రొట్టె, గుడ్డు, తిన్నా, తినలేదు, మేస్త్రికి ఇచ్చా. ఒక్కరోజంటే ఒక్కరోజు కూడా తిరిగి అడగలేదు నేను. నువ్వూ ఎక్కడా రాయలేదు. ఆ ఎనిమిది నెలలు పొట్టూ ముక్కలూ చూస్తూ కూర్చున్నప్పుడు నిన్ను ఎవరు అడిగారు?

బర్నర్ ఆపేశాను. చేతులు ఖాళీగానే ఉన్నాయి. ఒంటిగంటకి ఇంకా ఐదు నిమిషాలుంది, ఈసారి నేనే ముందు.

పిన్నీ, తిన్నావా?